మోగి ఆగిన గంట

మన భాషలోకి ఇంగ్లీషు మాటలు వచ్చి చేరటం కొత్త కాదు. రైలు, పోస్టు, టిక్కెట్టు మొదలైనవన్నీ ఏనాడో మన ఇంటి మనుషులైపోయాయి. అయితే అలా వచ్చినవాటిలో ఒక మాటను చూస్తే, తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నాబోటివాడికి ప్రత్యేకమైన ముచ్చట కలుగుతుంది. ఆ మాట ‘మిస్డ్ కాల్’. ఇంగ్లీషువాడి లెక్కలో అది ఒక పొరపాటు. ఫోను మోగింది, మనం అందుకోలేకపోయాం. తప్పిపోయిన పిలుపు అని దాని అర్థం. మనవాళ్ళు దానికి ‘ఇవ్వటం’ అనే క్రియను తగిలించారు. “బస్సు దిగగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వు నాన్నా” అంటుంది తల్లి. తప్పిపోయినదాన్ని ఎవరైనా ఇవ్వగలరా? వ్యాకరణం ఒప్పుకోదు. సంసారం ఒప్పుకుంది.

ఆ క్రియ వెనక చాలా కథ వుంది. అందులో మన పొదుపు వుంది, వర్తకుల తెలివి వుంది, చివరకు మన ఇంటి గుట్టు కూడా వుంది. అది నలుగురితో చెప్పుకుందామనే ఈ వ్యాసం.

మన దేశంలో మొట్టమొదటి మొబైల్ సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి ఆనాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో వున్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడారు. ఆ తొలి రోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా ఖర్చయ్యేది. పైగా చేసినవాడే కాదు, ఎత్తినవాడు కూడా చెల్లించుకోవాలి. వీధిలో ఎవరైనా “బాగున్నారా?” అని పలకరిస్తే, “బాగున్నాను” అన్నందుకు మనం రుసుము కట్టినట్లన్నమాట! 2003 మే నెలలో ఆ పద్ధతి పోయి, చేసినవాడే చెల్లించాలన్న నియమం వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే నోకియా 1100 అనే చిన్న ఫోను కూడా బజారులోకి వచ్చింది. దుమ్ము చొరబడని మీటలు, తలమీద ఒక టార్చిలైటు. దుమ్మూ చీకటీ దండిగా వున్న దేశాలను మనసులో పెట్టుకుని చేసిన వస్తువు అది. ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కరెంటు పోయిన రాత్రి మెట్లు దిగటానికి దాన్ని వాడుకోని ఇల్లు మా వీధిలో లేదు.

ఇలా ఫోను చేతికి వచ్చింది కాని, మాట్లాడటానికి డబ్బు మాత్రం చేతికి రాలేదు. అప్పుడు పుట్టింది మన మిస్డ్ కాల్. ఫోను మోగినంతసేపు ఖర్చు లేదు. ఎత్తితేనే లెక్క మొదలవుతుంది. అంచేత మోగించి ఆపెయ్యటమే ఒక భాష అయి కూర్చుంది. ఒకసారి మోగితే క్షేమంగా చేరానని. రెండుసార్లు మోగితే పని వుంది, నువ్వు చెయ్యమని. పాలు పోసే అతను గుమ్మం దగ్గర కేక వెయ్యటం మానేసి మోగించాడు. హాస్టలు పిల్లలు తండ్రులకు మోగించారు. తండ్రులు మారు పలికారు. ఈ భాషలో ఎప్పుడూ పెద్దవాడే ఖర్చు పెట్టుకోవాలన్న మర్యాద కూడా వుండేది.

ఇది మనకొక్కరికే తట్టిన ఉపాయం కాదు సుమా. బంగ్లాదేశ్‌లో దీన్ని మనలాగే మిస్డ్ కాల్ అంటారు. ఘనా, నైజీరియాలలో ‘ఫ్లాషింగ్’ అన్నారు. రువాండా, ఉగాండాలలో ‘బీపింగ్’ అన్నారు. ఖాళీ జేబు ఎక్కడున్నా ఒకేలా ఆలోచిస్తుంది కాబోలు.

దక్షిణాఫ్రికాలో అయితే ఈ అవసరం ఒక పెద్ద వ్యాజ్యానికి దారి తీసింది. 2000వ సంవత్సరంలో వోడాకామ్ అనే టెలిఫోను కంపెనీలో లెక్కల పని నేర్చుకుంటూ వుండిన ఎన్‌కోసానా మకాటే అనే యువకుడికి, దూరాన చదువుకుంటున్న ప్రియురాలు వుండేది. ఆమె ఫోనులో డబ్బు వుండేది కాదు. డబ్బు లేనివాళ్ళు కూడా ‘దయచేసి నాకు ఫోను చెయ్యి’ అన్న సందేశాన్ని ఉచితంగా పంపుకునే ఏర్పాటు చేస్తే ఎలా వుంటుందని అతను పై అధికారులకు రాసి ఇచ్చాడు. 2001లో కంపెనీ దాన్ని అమలు చేసింది. జనం ఎగబడి వాడుకున్నారు. అతనికి ముట్టవలసింది మాత్రం ముట్టలేదు. కోర్టుకెక్కాడు. చివరకు 2016లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. ఎంత ఇవ్వాలన్న పేచీ ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి సాగింది.

ఆ సందేశంలో ‘ఫోను చెయ్యి’ అన్న ముక్క పోగా కొంత చోటు మిగిలేది. ఆ చోటును కంపెనీలు ప్రకటనలకు అమ్ముకున్నాయి. ఇంతవరకూ వర్తకమే. కాని 2008లో కొందరు మంచివాళ్ళు అదే ఖాళీ చోటులో ఎయిడ్స్ వ్యాధి గురించి నాలుగు మాటలు, సలహా చెప్పే కేంద్రం నంబరు, జూలూ మొదలైన దేశభాషల్లో పెట్టించారు. ప్రాజెక్ట్ మసిలులేకే అని దాని పేరు. రోజుకు పది లక్షల సందేశాలు అలా వెళ్ళాయి. సలహా కేంద్రానికి వచ్చే ఫోనులు దాదాపు మూడింతలయ్యాయి. నలుగురిలో నోరెత్తి అడగటానికి సిగ్గుపడే ప్రశ్నను, స్నేహితుడు పంపిన సందేశం చివర చదువుకుని రహస్యంగా అడగగలిగారు. ఇంతకంటే మంచి ప్రకటన వుంటుందని నేను అనుకోను.

వర్తకుడు విన్న గంట

మళ్ళీ మన దేశానికి వద్దాం. ఫోను మోగుతున్నప్పుడే, ఇంకా ఎత్తకముందే, చేసినవారి నంబరు అవతలివారికి కనబడుతుంది కదా. అంటే ఒక్క పైసా ఖర్చు లేకుండా మనిషి తన చిరునామా చెప్పినట్లే. ఈ సంగతిని కనిపెట్టి, 2010లో బెంగుళూరులో జిప్‌డయల్ అనే కంపెనీ వెలిసింది. పత్రికలోనో గోడమీదో ఒక నంబరు వేస్తారు. మీరు మోగిస్తారు. అవతల వున్నది మనిషి కాదు, యంత్రం. అది రెండు గంటలు విని తానే ఆపేసి, మీ నంబరు రాసుకుంటుంది. ఆ తరవాత మీకు కావలసిన సమాచారం సందేశంగానో, తిరుగు ఫోనుగానో వస్తుంది. సబ్బుల కంపెనీలు, బ్యాంకులు, సినిమాలవాళ్ళు అందరూ దీన్ని పట్టుకున్నారు. ఖాతాలో ఎంత వుందో తెలుసుకోవటానికి బ్యాంకుకు మిస్డ్ కాల్ ఇవ్వటం పింఛనుదార్లకు కూడా అలవాటైంది. 2011లో అన్నా హజారే ఉద్యమానికి మద్దతు తెలపటానికి జనం చేసిన పని కూడా ఇదే. 2015 జనవరిలో అమెరికాలోని ట్విట్టర్ కంపెనీ జిప్‌డయల్‌ను కొనేసింది. మన పేదరికపు పొదుపుకు అంత గిరాకీ వచ్చిందన్నమాట.

వీటన్నిటిలోకీ నాకు నచ్చిన కథ బీహారులో జరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో విద్యుద్దీపం వెలిగే ఇళ్ళు నూటికి పదహారు మాత్రమే. టెలిఫోను వున్న ఇళ్ళో, సగానికి మించి! దీపం లేని ఇంట టీవీ ఎక్కడిది? టీవీ లేని ఊరికి సబ్బు ప్రకటన చేరేదెలా? ఈ చిక్కుకు హిందుస్తాన్ యూనిలీవర్ కంపెనీ 2013లో ఒక విరుగుడు కనిపెట్టింది. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే, కంపెనీయే తిరిగి ఫోను చేసి పావుగంటసేపు సినిమా పాటలు, హాస్యం, కబుర్లు వినిపిస్తుంది. మధ్యమధ్య తన సబ్బుల సంగతి చెబుతుంది. దీనికి ‘కాన్ ఖజూరా టేసన్’ అని పేరు పెట్టారు. కాన్ ఖజూరా అంటే మన జెర్రి. చెవిలో దూరే జెర్రి పేరుతో రేడియో స్టేషనన్నమాట! బీహారు, జార్ఖండు పల్లెల్లో లక్షలమంది దాన్ని విన్నారు. మరుసటి ఏడు ఫ్రాన్సులోని కాన్ నగరంలో జరిగే ప్రకటనల ఉత్సవంలో దానికి బంగారు బహుమతులు వచ్చాయి.

నాకు నచ్చింది ఆ బహుమతి కాదు, ఆ బేరం. పొలం గట్టున కూర్చున్న మనిషి తన ఇష్టంకొద్దీ గంట మోగించాడు. పావుగంట పాటలకు నాలుగు ప్రకటనలు ఖరీదని అతనికి తెలుసు. వినాలనిపించకపోతే మోగించడు. ఇచ్చిపుచ్చుకోవటం రెండు వైపులా కళ్ళెదుటే జరిగింది.

గళ్ళ చతురస్రం, పలికే పెట్టె

ఫోనుకు కన్ను వచ్చాక వర్తకం మరో మెట్టు ఎక్కింది. 2011లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో, టెస్కోవారి హోమ్‌ప్లస్ కంపెనీ సొల్లూంగ్ అనే మెట్రో స్టేషనులో ఒక వింత దుకాణం తెరిచింది. సరుకులు లేవు. గోడలమీద సరుకుల బొమ్మలే వున్నాయి. అల్మారాలలో పాలు, పండ్లు, గుడ్లు వరసగా పేర్చినట్టు అచ్చువేసి, ఒక్కొక్క దాని కింద ఒక నల్లగళ్ళ చతురస్రం ముద్రించారు. రైలు కోసం నిలబడ్డవాళ్ళు ఫోనును ఆ చతురస్రానికి చూపిస్తే చాలు, సరుకు ఇంటికి వస్తుంది.

ఆ చతురస్రాన్నే మనం క్యూఆర్ కోడ్ అంటున్నాం. 1994లో జపానులో డెన్సో వేవ్ కంపెనీకి చెందిన హారా మాసాహిరో, ఆయన సహచరులు దీన్ని తయారు చేశారు. అప్పటి అవసరం బజ్జీలు కొనుక్కోవటం కాదు, మోటారుకార్ల విడిభాగాలను లెక్క పెట్టుకోవటం. నలుపు తెలుపు రాళ్ళతో ‘గో’ అనే ఆట ఆడుతుండగా ఆయనకు ఈ ఊహ తోచిందంటారు. మూడు మూలల్లో వున్న పెద్ద గళ్ళను చూసి యంత్రం ఏది పైన, ఏది కింద అన్నది గుర్తు పడుతుంది. అచ్చులో మరెక్కడా సాధారణంగా కనబడని కొలతలో ఆ గళ్ళు వుండాలని, ఆయన బృందం రకరకాల అచ్చుకాగితాలు ముందు వేసుకుని పరీక్షించింది. సమాచారాన్ని కొంత అదనంగా దాచి పెట్టటంవల్ల, బొమ్మలో నూటికి ముప్ఫై వంతుల దాకా చెరిగిపోయినా చదవటానికి వీలుగా దాన్ని ముద్రించవచ్చు. నూనె మరకలు పడిన మన బళ్ళ మీద అది బతికి బట్ట కట్టటానికి ఇదొక కారణం. కంపెనీ దానిమీద హక్కులు వుంచుకుని కూడా, వాడుకునేవారిని డబ్బు అడగలేదు. అది ప్రపంచమంతా పాకటానికి ఇది మరో కారణం.

2016లో యూపీఐ పద్ధతి వచ్చాక ఆ చతురస్రం మన వీధుల్లో దిగింది. మా కాలేజీ గేటు ఎదుట ఒక బజ్జీల బండి వుంది. మొగుడు బజ్జీలు వేస్తాడు, పెళ్ళాం పొట్లాలు కడుతుంది. గళ్ళ కాగితం అంటించిన కొత్తలో వాళ్ళకు ఒక తిప్పలు వచ్చింది. చేతులు శనగపిండిలో, కళ్ళు మూకుడు మీద. కొనేవాళ్ళు ఫోను చూపించి “పంపించానండీ” అని వెళ్ళిపోయేవారు. అది ఇవాళ పంపినదో, నిన్న పంపినదాని బొమ్మో ఎవరికి తెలుసు? ఆమెకు చదువు రాదు. అతనికి తీరిక లేదు. రాత్రి లెక్క చూసుకుంటే బజ్జీలు అయిపోయాయి, డబ్బు మాత్రం సరిపడేది కాదు.

ఈ తిప్పలకు విరుగుడుగా వచ్చిందే పలికే పెట్టె. పేటీఎం కంపెనీ 2019లో దీన్ని తెచ్చింది. ఆ తరవాత మిగతావాళ్ళూ తెచ్చారు. చూడటానికి చిన్న రేడియోలా వుంటుంది. లోపల ఒక సిమ్ కార్డు, ఒక బ్యాటరీ, ఒక స్పీకరు. ఆ సిమ్ కార్డుతో ఎవరూ మాట్లాడరు. ఖాతాలో డబ్బు పడగానే కంపెనీ కంప్యూటరు నుంచి పెట్టెకు కబురు వస్తుంది. పెట్టె ఆ మొత్తాన్ని బిగ్గరగా చదువుతుంది. తెలుగులో చదువుతుంది. మహేష్ బాబు వంటి తారల గొంతుతో చదివించే ఏర్పాటు కూడా ఫోన్‌పే కంపెనీ చేసింది. దుకాణదారు దీనికి అద్దె కట్టుకుంటాడు. వస్తువు వర్తకుడిది, ప్రకటన కంపెనీది. ప్రతి బజ్జీకీ కంపెనీ పేరు ఒకసారి వీధిలో మోగుతుంది. ఎవరి లాభం వారికి వుంది.

“ఇది నాకు మూడో చెవండీ మాస్టారూ” అన్నాడు బండి ఆసామి. ఆమె అన్న మాట ఇంకా పెద్దది. “ఆయన జ్వరంతో పడుకుంటే నాలుగు రోజులు నేనొక్కదాన్నే బండి నడిపానండీ.” అక్షరం రాని మనిషి, డబ్బు వచ్చిందీ లేనిదీ మరొకరిని అడగకుండా తెలుసుకున్నది. నేను పాతికేళ్ళ నుంచి తెలుగు చెబుతున్నాను. తెలుగు ఒక ఇల్లాలికి ఇంత సూటిగా అన్నం పెట్టటం నేను చూసిన సందర్భాలు తక్కువ.

కాని ఆమె మరో మాట కూడా చెప్పింది. సాయంత్రం వడ్డీ వసూలుకు వచ్చే మనిషి ఇప్పుడు పెందలాడే వచ్చి, బండి పక్కనే నిలబడుతున్నాడట. “పెట్టె ఇవాళ బాగానే అరిచిందిగా, వాయిదా తియ్యి” అంటున్నాడట. ఇదివరకు కొంగున కట్టుకున్న డబ్బు ఎంతో ఆమెకే తెలుసు. ఇప్పుడు వీధికంతా తెలుసు. అంచేత అతను వచ్చే వేళకు ఆమె పెట్టె గొంతు తగ్గించి, చెవి దగ్గర పెట్టుకుంటున్నది. దానిమీద ఆ మీట పెట్టినవాళ్ళకు ఈ ఉపయోగం తెలుసునో లేదో!

నంబరు ఖరీదెంత?

ఆమె ఒక్కతెదే కాదు, ఈ గుట్టు బాధ మనందరిదీను. మా ఊళ్ళో ఒక బట్టల దుకాణంలో మా ఆవిడ ఒకసారి రెండు చీరలు కొన్నది. బిల్లు దగ్గర నంబరు అడిగారు, చెప్పింది. అప్పటినుంచి మొదలు. శ్రావణమాసం తగ్గింపు, దసరా తగ్గింపు, అసలు ఏ పండుగా లేనందుకు తగ్గింపు. చీరల దుకాణానికి ఇచ్చిన నంబరుకు ఇళ్ళ స్థలాలవాళ్ళు, అప్పులిచ్చేవాళ్ళు కూడా ఎలా వచ్చారో భగవంతుడికే తెలియాలి. కిందటేడు మా అమ్మాయికి ఒక కోర్సులో సీటు వచ్చిందని, మూడు రోజుల్లో రుసుము కట్టాలని సందేశం వచ్చింది. అది పండుగ తగ్గింపుల గుంపులో ఎక్కడో ఇరుక్కుపోయింది. చివరి రోజు మధ్యాహ్నం అమ్మాయి స్నేహితురాలు చెబితే గాని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. సాయంత్రం అయిదు లోపల కట్టగలిగాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రెండు చీరల ఖరీదు ఒక ఏడాది చదువు అయివుండేది.

బీహారు రైతుకూ మాకూ వున్న తేడా ఇదే. అక్కడ మొదట గంట మోగించింది అతను. ఇక్కడ మోగించేది వర్తకుడు. అతను ఒక పావుగంట ఇచ్చి, పావుగంట పాటలు పుచ్చుకున్నాడు. మా ఆవిడ ఏమి ఇస్తున్నదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పుచ్చుకున్నది ఏమీ లేదు. యంత్రం అదే, నంబరూ అదే. అడిగి పుచ్చుకోవటానికీ, అడగకుండా పుచ్చుకోవటానికీ మన భాషలో వేరువేరు క్రియలున్నాయి.

ప్రభుత్వం ఊరుకున్నదని అనను. 1909 నంబరుకు చెప్పుకుంటే ప్రకటనల ఫోనులు, సందేశాలు ఆపించే ఏర్పాటు వుంది. వచ్చినవాటి మీద ఫిర్యాదు కూడా చెయ్యవచ్చు. ఫోను నంబరు ఇస్తే గాని సరుకు అమ్మమని దుకాణదార్లు పట్టుపట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో హెచ్చరించింది. ఆ ఏడాదే ఆగస్టులో, మన వివరాలు మన అంగీకారంతోనే, చెప్పిన పనికే వాడుకోవాలంటూ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టాలు మంచివే. అయితే బిల్లు బల్ల దగ్గర వెనక పదిమంది నిలబడి వుండగా, చట్టం వచ్చి మన పక్షాన మాట్లాడదు. మనమే మాట్లాడుకోవాలి.

ఇంతకీ అసలు మిస్డ్ కాల్ ఏమయిందంటారా? 2016లో జియో వచ్చాక మాట్లాడటం దాదాపు ఉచితమైపోయి, దానితో పొదుపు చెయ్యవలసిన అగత్యం తగ్గింది. అయినా పల్లెలో వున్న మా అమ్మ నన్ను ఊరు చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇమ్మంటుంది. ఫోను చేసి మాట్లాడతానంటే, “ఎందుకురా, అలిసిపోయి వుంటావు. ఒకసారి మోగించు చాలు” అంటుంది. ఈ గంటను ఏ కంపెనీ కూడా ఇంతవరకు కొనలేకపోయింది.

ఇక మా ఆవిడ సంగతి. మొన్న దీపావళికి మరో దుకాణంలో చీర తీసుకుని బిల్లు దగ్గరకు వెళ్ళాం. కుర్రవాడు నంబరు అడిగాడు. “నంబరు ఇవ్వను బాబూ, డబ్బు ఇస్తాను” అన్నది. “నంబరు కొట్టకపోతే కంప్యూటరు ఒప్పుకోదండీ” అన్నాడు వాడు. “సరే అయితే, చీర కూడా కంప్యూటరుకే కట్టబెట్టు” అని ఆమె చీర బల్లమీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. లోపలినుంచి యజమాని లేచి వచ్చి కుర్రవాడి చెవిలో ఏదో చెప్పాడు. కంప్యూటరు వెంటనే ఒప్పుకున్నది.